రెండు శాతాల నడుమ తేడా: ఎంత నిజం, ఎంత భ్రమ?

శుక్రవారం జుమా నమాజు ముగిశాక సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా మసీదు గేటు బయట నలుగురు నిలబడి మాట్లాడుకునే మాటల్లో ఈ మధ్య శాతాలు ఎక్కువయ్యాయి. "మన పిల్లల్లో ఇంత శాతమే కాలేజీకి పోతున్నారట, ఇతరుల్లో అంత శాతమట" అని ఒకరంటారు. "ఆ ఊరి మనవాళ్ళు మనకంటే నూటికి ఎనిమిది మంది ఎక్కువ చదివిస్తున్నారు భాయ్" అని మరొకరంటారు. పొద్దున ఫోనులో వచ్చిన అంకె సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. విన్నవారిలో కొందరు తల దించుకుంటారు, కొందరు ఎదుటివారిపై కోపం తెచ్చుకుంటారు. ఆ అంకె ఎక్కడిది, ఎంతమందిని అడిగి చెప్పారు, ఎవరిని అడిగారు అని విచారించేవారు మాత్రం తక్కువ.

ఇలాంటి తేడాల మీదనే నేడు మన సమాజం గురించి తీర్పులు వెలువడుతున్నాయి. రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్‌లు, గురుకుల పాఠశాలలు, ఆస్పత్రులు అన్నిటికీ మూలం సర్వే లెక్కలే. కనుక రెండు శాతాల నడుమ తేడాను ఎలా చూడాలో ప్రతి ముస్లిం కుటుంబం తెలుసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము. ఇందుకు పెద్ద గణితం అక్కరలేదు. పదో తరగతి చదివిన అమ్మాయి కాగితం, పెన్సిలు తీసుకుని చేయగల లెక్క ఇది.

లెక్క మనకు కొత్తది కాదు

వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే ముందు విచారణ చేయమని దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా ఆరవ ఆయత్ బోధిస్తోంది. తెలియక ఒక జనసమూహానికి హాని చేసి, తరువాత పశ్చాత్తాపపడే స్థితి రాకూడదన్నది ఆ బోధన ఉద్దేశం. అంకె కూడా ఒక వార్తే. దానికీ విచారణ కావాలి.

జనాన్ని లెక్కించడం ఇస్లాం చరిత్రలో మొదటి నుంచీ ఉంది. మదీనాలో ఇస్లాం స్వీకరించినవారి పేర్లు రాయించమని దైవప్రవక్త (సల్లం) ఆదేశించిన సంగతిని హజ్రత్ హుజైఫా (రజి) చెప్పగా సహీహ్ బుఖారీలో నమోదైంది. ఆ లెక్కలో 1,500 మంది పురుషులు తేలారని ఒక ఉల్లేఖనం చెబుతుంది. మరో ఉల్లేఖనంలో 500 అని ఉంది, ఇంకొక దానిలో 600కు 700కు మధ్య అని ఉంది. హదీసు పండితులు ఈ తేడాను దాచలేదు. మూడింటినీ ఎవరెవరు చెప్పారో పేర్లతో సహా నమోదు చేశారు. అంకెతో పాటు అది వచ్చిన దారిని కూడా భద్రపరచడం మన పెద్దలు నేర్పిన పద్ధతి. నేటి సర్వేల విషయంలో మనం పాటించవలసింది కూడా ఇదే.

గుప్పెడు గింజలు

మిర్యాలగూడ రైస్ మిల్లుల గురించి చెప్పనక్కరలేదు. లారీలో వచ్చిన ధాన్యం బస్తాలన్నీ విప్పి చూసే తీరిక ఏ మిల్లులోనూ ఉండదు. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి, గుప్పెడు గింజలు తీసి, తేమ ఎంత, తాలు ఎంత అని చూస్తారు. ఆ గుప్పెడే నమూనా. సర్వే కూడా ఇంతే. లక్షల కుటుంబాలను అడగలేక కొన్నిటిని ఎంచి అడుగుతారు, వాటిని బట్టి మొత్తం జనాన్ని అంచనా కడతారు. ఈ శాస్త్రానికి పేరు తెచ్చిన సి.ఆర్.రావు తెలుగువారే. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో మహలనోబిస్ వద్ద చేరారు. 2023లో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు రెండు లారీలు వచ్చాయనుకుందాం. మొదటి లారీ గుప్పెట్లో నూటికి ఏడు తాలు గింజలు, రెండో దానిలో నూటికి తొమ్మిది ఉన్నాయి. రెండో రైతు ధాన్యం నాసిరకమని చెప్పవచ్చునా? మొదటి లారీ నుంచే ఇంకొక గుప్పెడు తీస్తే అందులోనూ తొమ్మిది రావచ్చు. ఒకే లారీ నుంచి తీసిన రెండు గుప్పెళ్ళే సమంగా ఉండనప్పుడు, రెండు లారీల గుప్పెళ్ళ తేడా చూసి ఒక రైతు ధర తగ్గించడం అన్యాయం కాదా? అసలు ప్రశ్న ఇది: కనిపించిన తేడా లారీలదా, గుప్పెళ్ళదా?

ఒక ఊహా ఉదాహరణ

సూర్యాపేటలో ఒక సర్వే, మిర్యాలగూడలో ఒక సర్వే జరిగాయని ఊహిద్దాం. ఈ అంకెలు నిజమైనవి కావు, లెక్క అర్థం కావడానికి మేము వేసుకున్నవి. పదో తరగతి పాసైన ముస్లిం అమ్మాయిలను ఒక్కొక్క ఊరిలో వంద మందిని ఎంచి, ఇంటర్‌లో చేరారా అని అడిగారు. మిర్యాలగూడలో 62 మంది, సూర్యాపేటలో 54 మంది చేరామన్నారు. తేడా నూటికి ఎనిమిది. ఈ వార్త వినగానే సూర్యాపేట తండ్రులు ఆడపిల్లల చదువుపై శ్రద్ధ పెట్టరని నింద వేసేవారు తయారవుతారు.

ఆగి లెక్క చూద్దాం. చేరినవారి వంతును చేరనివారి వంతుతో గుణించి, అడిగినవారి సంఖ్యతో భాగించాలి. మిర్యాలగూడకు 0.62ను 0.38తో గుణించి 100తో భాగిస్తే 0.0024 వస్తుంది. సూర్యాపేటకు 0.54ను 0.46తో గుణించి 100తో భాగిస్తే 0.0025 వస్తుంది. రెండూ కలిపి వర్గమూలం తీస్తే దాదాపు 0.07. దీనినే ప్రామాణిక దోషం అంటారు. దీనిని రెట్టింపు చేస్తే 0.14, అంటే నూటికి 14. కనిపించిన తేడాకు అటూ ఇటూ ఇంత జాగా వదలాలి. ఎనిమిదిలో నుంచి 14 తీసివేస్తే మైనస్ 6, ఎనిమిదికి 14 కలిపితే 22. అసలు తేడా ఈ రెంటి మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మిర్యాలగూడ నూటికి 22 మంది ముందుండవచ్చు, సూర్యాపేటే ఆరుగురు ముందుండవచ్చు, రెండూ సమానమే కావచ్చు. ఇదే పద్ధతిలో వంద సార్లు సర్వే చేసి ఇలా హద్దులు గీస్తే దాదాపు 95 సార్లు అసలు తేడా ఆ హద్దుల లోపల పడుతుందన్నది ఈ లెక్క ఇచ్చే హామీ.

హద్దుల లోపల సున్నా ఉన్నంతకాలం తేడా ఉందని రూఢిగా చెప్పే అధికారం ఎవరికీ లేదు. అలాగని తేడా లేదని రుజువైనట్టూ కాదు. ఈ సర్వే ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయింది, అంతే.

వందకు బదులు ఒక్కొక్క ఊరిలో 400 మందిని అడిగి, అవే శాతాలు వచ్చాయనుకుందాం. అప్పుడు వదలవలసిన జాగా 14 నుంచి 7కు తగ్గుతుంది. తేడా 1కి, 15కి మధ్య ఉంటుంది. ఇప్పుడు మిర్యాలగూడ ముందున్నదని అనవచ్చు, ఎంత ముందున్నదో మాత్రం ఇంకా గట్టిగా తెలియదు. నాలుగు రెట్లు ఎక్కువ మందిని అడిగితేనే పొరపాటు సగమవుతుందన్న మాట. అందుకే మంచి సర్వేకు డబ్బూ, కాలమూ అంత ఖర్చు.

మన జిల్లా లెక్క

ఇక నిజమైన సర్వే చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన దేశంలో పేరున్న సర్వే. 20 నుంచి 24 ఏళ్ళ మహిళల్లో 18 ఏళ్ళు నిండకముందే పెళ్ళయినవారు తెలంగాణలో 2015-16 సర్వేలో 26.2 శాతం, 2019-21 సర్వేలో 23.5 శాతం అని తేలింది. నూటికి 2.7 తగ్గింది. బాల్యవివాహాలు తగ్గాయని సంతోషించవలసిందేనా?

మొదటి దానిలో తెలంగాణలో సుమారు 7,500 మంది మహిళలను, రెండో దానిలో సుమారు 27,500 మందిని అడిగారు. అందరూ 15 నుంచి 49 ఏళ్ళవారు. వారిలో ఆరోవంతు 20-24 వయసువారని అనుకుంటే మొదటి సర్వేలో 1,250 మంది, రెండో దానిలో 4,580 మంది వస్తారు. పైన చెప్పిన లెక్కే చేస్తే వదలవలసిన జాగా దాదాపు 2.8 అవుతుంది. అంటే తగ్గుదల నూటికి ఐదు దాకా ఉండవచ్చు, ఏమీ లేకపోనూ వచ్చు. పైగా ఈ సర్వేలో ముందు కొన్ని గ్రామాలను, వార్డులను ఎంచి, ఒక్కొక్క చోట సుమారు 22 ఇళ్ళను అడుగుతారు. ఒకే వాడలోని ఇళ్ళు ఒకదానినొకటి పోలి ఉంటాయి కనుక అసలు పొరపాటు మన లెక్క కంటే ఇంకాస్త పెద్దదే. తగ్గినట్టుంది అని చెప్పవచ్చు. తగ్గిపోయిందని చేతులు దులుపుకోరాదు.

రాష్ట్రం మొత్తానికే ఇలా ఉంటే జిల్లా సంగతి చూడండి. 2019-21 సర్వే ఆనాటి 31 జిల్లాలకు వేర్వేరుగా పత్రాలు ఇచ్చింది. 27,500 మందిని 31 జిల్లాలకు పంచితే జిల్లాకు సగటున 890 మంది లోపే. వారిలో 20-24 వయసువారు 150 మంది లోపే. సూర్యాపేట జిల్లాకు, మిర్యాలగూడ ఉన్న నల్లగొండ జిల్లాకు నడుమ ఇలాంటి విషయంలో నూటికి పది లోపు తేడా కనిపిస్తే అది నిజమైన తేడా అని ఆ సర్వే ఒక్కదాన్ని పట్టుకుని చెప్పలేము.

వారిలో ముస్లింలు ఎందరు? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మన జనాభా నూటికి ఐదుకు కాస్త పైన. ఆ లెక్కన 890 మందిలో 48 మంది ముస్లిం మహిళలు. వారిలో 20-24 ఏళ్ళవారు ఎనిమిది మంది. ఎనిమిది మందిని అడిగి ఒక జిల్లా ముస్లిం సమాజం గురించి శాతం చెప్పడం సాధ్యమా? వారిలో ఒక్క అమ్మాయి జవాబు మారితే శాతం పన్నెండున్నర మారిపోతుంది! కనుక ఈ సర్వే పేరు చెప్పి మీ జిల్లా ముస్లింలలో ఇంత శాతం, ఇతరుల్లో ఇంత శాతం అని ఎవరైనా ప్రచారం చేస్తే, అది మనల్ని పొగిడేదైనా తెగిడేదైనా నమ్మవద్దు. ఆ ప్రశ్న అడగడానికి ఆ సర్వే తయారు కాలేదు.

గుప్పెడు పెద్దదైనా చాలదు

నమూనా పెద్దదైనంత మాత్రాన అన్ని దోషాలూ పోవు. మూడు చిక్కులు మిగులుతాయి.

మొదటిది, ఎవరిని అడిగారన్నది. జుమా తరువాత మసీదు గేటు వద్ద వెయ్యి మందిని అడిగినా, మహిళలు అందులో ఉండరు. గల్ఫ్‌లో ఉన్న కొడుకులు ఉండరు, ఆ వేళకు లారీ నడుపుతూ హైవే మీద ఉన్నవారు ఉండరు. పైబస్తాలో మాత్రమే గొట్టం గుచ్చితే అడుగు బస్తాలోని తేమ ఎప్పటికీ తెలియదు.

రెండవది, ఎవరితో ఎవరిని పోల్చారన్నది. 2001 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ మొత్తం అక్షరాస్యత 60.5 శాతం కాగా ముస్లింలలో 68 శాతం. ఇది నమూనా కాదు, ఇంటింటి లెక్క. తేడా నిజమే. కాని దాని అర్థమేమిటి? అప్పటికి రాష్ట్ర జనంలో నూటికి 27 మంది పట్టణవాసులైతే, ముస్లింలలో సగానికి పైగా పట్టణాల్లోనే ఉన్నారు. పట్టణాల్లో బడులు ఎక్కువ. పట్టణ ముస్లింను పట్టణంలోని ఇతరులతో, పల్లె ముస్లింను పల్లెలోని ఇతరులతో పోల్చితేగాని అసలు సంగతి బయటపడదు. మొత్తం అంకె చూసి మనం ముందున్నామని మురిసిపోతే నష్టపోయేది మనమే.

కాలం పోల్చేటప్పుడు హద్దులూ చూడాలి. 2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లా మూడు ముక్కలయింది. సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వచ్చాయి, మిర్యాలగూడ పాత జిల్లాలోనే ఉండిపోయింది. 2011 నాటి నల్లగొండ శాతాన్ని నేటి నల్లగొండ శాతంతో పోల్చి పెరిగింది, తగ్గింది అంటే, రెండు వేర్వేరు జనాలను ఒకటిగా చూసినట్టే.

మూడవది, ఆ పేరుతో ఎవరిని లెక్కించారన్నది. 2024 నవంబరు 6న మొదలై తెలంగాణలో జరిగిన కుల సర్వే ఫలితాలు 2025 ఫిబ్రవరిలో వెలువడ్డాయి. బీసీలు 46.25 శాతమని ప్రకటించగానే, 2014 సమగ్ర కుటుంబ సర్వేలో 51 శాతమన్నారే, మిగతావారు ఏమయ్యారని వివాదం రేగింది. ఈ 46.25 ముస్లిం బీసీలను వేరుగా చూపిన అంకె. ముస్లిం బీసీలు 10.08 శాతం. వారిని కలిపితే 56.33 అవుతుంది. పాత అంకెలో ఎవరున్నారో, కొత్త అంకెలో ఎవరున్నారో సరిచూడకుండా ఒకదాన్ని ఒకదానిలో నుంచి తీసివేయడం తూకంరాళ్ళు మార్చి తూచడం వంటిది. ఈ సర్వే నమూనా సర్వే కాదు కనుక గుప్పెటి పొరపాటు దీనికి వర్తించదు. అయితే నూటికి 96.9 కుటుంబాలే నమోదయ్యాయి. మిగిలిన 3.1 శాతం ఎవరన్నది ఇక్కడ అడగవలసిన ప్రశ్న.

లెక్క తప్పితే నష్టమెవరికి?

ఇదంతా పండితుల చర్చ అనుకోవద్దు. 2007 చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్లు వచ్చాయి. 2010 ఫిబ్రవరి 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మెజారిటీ తీర్పుతో ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఆ తీర్పుకు ఇతర కారణాలూ ఉన్నాయి. అయితే వెనుకబాటును నిర్ధారించడానికి బీసీ కమిషన్ అనుసరించిన సర్వే పద్ధతిని కూడా న్యాయస్థానం తప్పుపట్టింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతో నాలుగు శాతం అమలులో కొనసాగింది. ఆ నాలుగు శాతంతో డాక్టర్లు, ఇంజనీర్లు, టీచర్లు అయిన పిల్లలు ఈ మూడు ఊళ్ళలోనూ ఉన్నారు. సర్వే బలహీనంగా ఉంటే, దాని మీద కట్టిన హక్కు ఎంత న్యాయమైనదైనా కోర్టు బోనులో నిలబడవలసి వస్తుంది. మన కష్టం నిజమైనంత మాత్రాన చాలదు, దానిని చూపే లెక్క కూడా గట్టిగా ఉండాలి.

మనం చేయగలిగినది

మొదటిది, అడిగినప్పుడు సరిగా చెప్పడం. రానున్న జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా 2025 జూన్‌లో ప్రకటించారు, అందులో కులం వివరాలూ నమోదు చేస్తామన్నారు. ఎన్యూమరేటర్ ఇంటికి వచ్చినప్పుడు భయంతో తలుపు మూసుకోవడం, బడి మానేసిన అమ్మాయిని చదువుతోందని చెప్పడం, కులం వివరం అడిగితే ముస్లిం అని మాత్రం చెప్పి ఊరుకోవడం, ఇవన్నీ మన లెక్కను మనమే చెరుపుకోవడమే. బీసీ-బీలోని దూదేకులవారు, బీసీ-ఈలోని వర్గాలవారు తమ సర్టిఫికెట్‌లో ఉన్న పేరునే చెప్పాలి. ఇంట్లో మగవారు లేని సమయంలో వస్తే ఏం చెప్పాలో ఆడవారికి ముందే తెలిసి ఉండాలి.

రెండవది, మన ఊరి సంగతి మనమే తెలుసుకోవడం. పది, పన్నెండు వందల ఇళ్ళున్న చోట నమూనా ఎందుకు? మసీదు కమిటీలు, యువకులు, చదువుకున్న అమ్మాయిలు కలిసి ఇంటింటికీ వెళ్ళి అందరినీ లెక్కించవచ్చు. ఆడవారిని ఆడవారే అడగాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కమిటీలు ఒకే ప్రశ్నను ఒకే మాటల్లో, ఒకే నెలలో అడిగితేనే మూడు ఊళ్ళను పోల్చవచ్చు. అప్పుడు కూడా ఎన్ని ఇళ్ళు తాళం వేసి ఉన్నాయో, ఎందరు జవాబు చెప్పలేదో రాసి ఉంచాలి.

మూడవది, ఏ తేడా విన్నా నాలుగు ప్రశ్నలు అడగడం. ఎంతమందిని అడిగారు? ఎలా ఎంచి అడిగారు? రెండు చోట్లా అదే జనాన్ని, అదే అర్థంలో లెక్కించారా? వదలవలసిన జాగా వదిలాక తేడాలో సున్నా ఉందా, లేదా? వీటికి జవాబు దొరకని అంకెను మరొకరికి పంపకపోవడమే మంచిది.

మనకు అనుకూలమైన అంకెకు కూడా ఇవే ప్రశ్నలు వేయాలి. తమకు విరుద్ధమైనా సరే న్యాయానికే సాక్ష్యం ఇమ్మని నిసా సూరా 135వ ఆయత్ విశ్వాసులను ఆదేశిస్తోంది. తూకంలో తగ్గించేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా హెచ్చరిస్తోంది. తీసుకునేటప్పుడు ఒక తూకం, ఇచ్చేటప్పుడు ఒక తూకం ధాన్యంలో ఎంత తప్పో లెక్కల్లోనూ అంత తప్పే. పొగిడే అంకెను పరీక్షించకుండా నమ్మి, తెగిడే అంకెను మాత్రమే పరీక్షించేవాడి తూకం సరైనది కాదు.

వచ్చే శుక్రవారం మసీదు గేటు వద్ద ఎవరైనా ఒక శాతం చెబితే కోపగించుకోకుండా, "ఎంతమందిని అడిగారు భాయ్?" అని ఒక్క మాట అడగండి. సత్యాన్ని సత్యంగా గుర్తించే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.